ఒకే దేశంలో ఇద్దరు సెయింట్ జాన్‌లు: ఒక జీడిపప్పు కంటైనర్ కేసు

నేపథ్యం

బరంపురంలో ఉండి చిన్న ఎగుమతిదారుల కాగితాలు చూసిపెట్టడం నా పని. అంతకుముందు విశాఖలో ఒక కస్టమ్స్ బ్రోకర్ దగ్గర చాలాకాలం పనిచేశాను. పెద్ద కంపెనీలకు సొంత డాక్యుమెంటేషన్ మనుషులు ఉంటారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారో రెండోసారో నేరుగా విదేశానికి సరుకు పంపుతున్నవాళ్లే. ఈ కేసూ అలాంటిదే. పార్టీ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల పేర్లు, బ్యాంకు, ఫార్వార్డర్ (ఓడలో చోటు బుక్ చేసిపెట్టే ఏజెంటు), షిప్పింగ్ లైను (ఓడల కంపెనీ) పేర్లు తీసేశాను. గుర్తుపట్టగలిగే ఒకటి రెండు వివరాలు మార్చాను.

పర్లాకిమిడి వైపు జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే తెలుగు కుటుంబం వాళ్లది. బావా బావమరుదులు ఇద్దరూ భాగస్తులు. జీడిపిక్కలు కొంత చుట్టుపక్కల కొండ తోటల నుంచి, కొంత ఆఫ్రికా సరుకు తెప్పించే వ్యాపారుల నుంచి కొంటారు. పప్పు మాత్రం ఏళ్ల తరబడి పలాస వ్యాపారులకే అమ్మారు. ఈసారి కెనడాలో టొరంటో దగ్గర గోడౌన్ ఉన్న కొనుగోలుదారు నేరుగా దొరికాడు. డబ్ల్యూ 320 గ్రేడు, ఒక ఇరవై అడుగుల కంటైనర్. 22.68 కిలోల కార్టన్లు 700, మొత్తం 15,876 కిలోలు. షరతు సీఎఫ్‌ఆర్, అంటే పేర్కొన్న రేవు దాకా ఓడ కిరాయి అమ్మేవాడిదే. డబ్బు ఎల్‌సీ మీద, కాగితాలు చూపించగానే చెల్లింపు. ఎల్‌సీ అంటే, అడిగిన కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతానని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే హామీ.

వాళ్లు తెచ్చిన సమస్య

వాళ్లు నా దగ్గరికి వచ్చింది రేవు గురించి కాదు. కిరాయి గొడవతో వచ్చారు. ఫార్వార్డర్ కోటేషన్‌లో చెప్పిన రేటుకూ, కంటైనర్ వెళ్లాక పంపిన బిల్లుకూ బాగా తేడా ఉంది.

"ఏటండి ఇది! సెప్పిందొకటీ యేసిందొకటీ. పప్పు మాది, లాభం ఆళ్లదా?" అని పెద్దాయన గట్టిగానే అన్నారు. బావమరిది కాస్త నెమ్మదస్తుడు. ఆయన ఫైలు నా ముందు పెట్టి, "ఈ బిల్లు న్యాయమా కాదా, అది చూసి చెప్పండి సార్, చాలు" అన్నారు.

అప్పటికే కంటైనర్ విశాఖలో ఫీడర్ ఓడ (పెద్ద ఓడ దాకా చేర్చే చిన్న ఓడ) ఎక్కి కొలంబో దారిలో ఉంది. కిరాయి కట్టలేదు కాబట్టి షిప్పింగ్ లైను అసలు బీఎల్‌లు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని లైను ఇచ్చే పత్రం) ఒరిజినల్స్, ఇంకా ఇవ్వలేదు. డ్రాఫ్ట్ మాత్రమే ఉంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనిమీదే కథంతా నడిచింది.

ఫైలు తిరగేస్తుంటే బావమరిది ఇంకో సంగతి చెప్పారు, అయిపోయిన విషయంలాగా. ఆఫీసులో కుర్రాడు కంటైనర్ ఎక్కడుందో ఫోన్లో చూస్తే చివరి రేవు 'సెయింట్ జాన్స్' అని వచ్చిందట. మ్యాప్‌లో వెతికితే కరీబియన్‌లోని ఆంటిగువా ద్వీపం కనిపించింది. ఆంటిగువా రాజధాని పేరు కూడా సెయింట్ జాన్సే. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ టెన్షన్. తెల్లారగానే ఫార్వార్డర్‌కి మెయిల్ పెట్టించి, డ్రాఫ్ట్ బీఎల్‌లో రేవు పేరు పక్కన 'కెనడా' అని చేర్పించారు. "అది సర్దుకుంది సార్, ఇప్పుడు రేటొక్కటే మిగిలింది" అన్నారు.

మొదట దారి చూశాను

కిరాయి గొడవ వస్తే నేను రేటు జోలికి వెంటనే పోను. రేటు పెరగడానికి సవాలక్ష కారణాలు చెప్పొచ్చు: ఇంధనం సర్‌ఛార్జి, సీజన్, కంటైనర్ల కొరత. ఓడ ఏయే రేవుల మీదుగా వెళ్తుందో మాత్రం షెడ్యూలు చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ షెడ్యూలు ఇలా ఉంది: విశాఖ, కొలంబో, హాలిఫాక్స్, సెయింట్ జాన్స్. హాలిఫాక్స్‌లో పెద్ద ఓడ నుంచి దింపి చిన్న తీర ఓడ ఎక్కిస్తారు. ఎక్కువ వేసిన కిరాయిలో పెద్ద భాగం ఆ చివరి అంచెదే. ఫార్వార్డర్ అబద్ధం చెప్పలేదు. ఆ రేవుకి ఆ రేటు సరైనదే.

నాకు పట్టుకున్నది ఆ చివరి అంచె. హాలిఫాక్స్ కెనడా ప్రధాన భూభాగం మీదే ఉంది. టొరంటో అక్కడి నుంచి పడమరకు. కంటైనర్ మాత్రం హాలిఫాక్స్‌లో దిగి ఇంకా తూర్పుకి, న్యూఫౌండ్‌లాండ్ ద్వీపానికి వెళ్తోంది. అక్కడి సెయింట్ జాన్స్ ఆ ద్వీపానికి తూర్పు కొసన ఉంది. దిగిన సరుకు టొరంటో చేరాలంటే మళ్లీ ఓడైనా ఎక్కాలి, లేదంటే ద్వీపం ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 900 కిలోమీటర్లు లారీలో పోయి, పోర్టో బాస్క్ దగ్గర ఫెర్రీ ఎక్కి, నోవా స్కోషియాలోని నార్త్ సిడ్నీలో దిగాలి. టొరంటో వ్యాపారి ఎవరైనా ఇలా తెప్పించుకుంటాడా?

కెనడాలో ఇంకో సెయింట్ జాన్ ఉంది. న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్స్‌లో, ఫండీ అఖాతం ఒడ్డున. 1785లో నగరంగా ఏర్పడింది. కెనడాలో అధికారికంగా నగర హోదా పొందినవాటిలో అదే మొదటిది. కంటైనర్ టెర్మినల్ ఉంది, మాంట్రియల్, టొరంటో వైపు రైలు మార్గం ఉంది. టొరంటో వ్యాపారి ఎంచుకోవడానికి అన్ని విధాలా తగిన రేవు అది.

కాగితాలన్నీ తారీఖు వరసన బల్లమీద పరిచాం. కొనుగోలుదారు పంపిన పర్చేజ్ ఆర్డర్‌లో 'సెయింట్ జాన్, ఎన్‌బీ' అని ఉంది. ఎన్‌బీ అంటే న్యూ బ్రన్స్‌విక్. తర్వాత ఫ్యాక్టరీలో టైపు చేసిన, అమ్మకానికి ముందు కొనుగోలుదారుకి పంపే ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో 'సెయింట్ జాన్స్, కెనడా' అయింది. ఎన్‌బీ పోయి, చివర ఒక ఎస్ వచ్చి చేరింది. అప్పట్లో మాటలు ఎక్కువ ఫోన్లోనే నడిచాయి, ఫోన్లో ఈ రెండు పేర్లకు తేడా వినబడదు. ఆ ప్రొఫార్మా చూసి కొనుగోలుదారు బ్యాంకు ఎల్‌సీ తెరిచింది. బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే స్విఫ్ట్ సందేశంలో దిగుమతి రేవు రాసే 44ఎఫ్ గడిలో 'సెయింట్ జాన్స్, కెనడా' అనే ఉంది. దాన్ని చూసి బుకింగ్, బుకింగ్ చూసి షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం), అదే చూసి డ్రాఫ్ట్ బీఎల్. కోటేషన్ ఒక్కటే వేరు, ఎందుకంటే ఫార్వార్డర్ ఆఫీసులో రేటు చెప్పిన మనిషి పర్చేజ్ ఆర్డర్ చూసి చెప్పాడు, బుకింగ్ పెట్టిన మనిషి ప్రొఫార్మా చూసి పెట్టాడు. రేట్ల తేడా వెనకున్నది ఇదే.

"ఇన్ని కాగితాల్లో ఒకటే పేరుంటే తప్పెలా అవుద్ది?" అని పెద్దాయన అడిగారు. ఎగుమతి పనిలో అందరూ చేసే పొరపాటు లెక్కే ఇది. ప్రొఫార్మా తర్వాత వచ్చిన కాగితాలన్నీ ప్రొఫార్మాకి నకళ్లు. వాటిని సాక్షులుగా లెక్కపెట్టకూడదు. వాటికి ముందు పుట్టిన కాగితం ఒక్కటే ఉంది, అది వేరే మాట చెబుతోంది.

'కెనడా' అని చేర్చాం కదా అన్నది బావమరిది సందేహం. దానికి పెద్ద వివరణ అక్కర్లేకపోయింది. మా ఊరి వాళ్లు బరంపురం అని రాసి ఊరుకోరు, పక్కన గంజాం అని రాస్తారు. లేకపోతే పార్సిల్ పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్‌కి పోతుందని భయం. పక్కన ఇండియా అని రాస్తే ఏం లాభం? ఆయన వెంటనే తలూపారు. దేశం పేరు ఆంటిగువాని తప్పించింది, అంతే. రెండు సెయింట్ జాన్‌లూ కెనడాలోనే ఉన్నాయి.

కొనుగోలుదారుని ఏమని అడగాలి

నా అనుమానం ఎంత బలంగా ఉన్నా, అడిగి తేల్చుకోకుండా కంటైనర్ దారి మార్చకూడదు. ఆయనకు న్యూఫౌండ్‌లాండ్‌లో ఇంకో గోడౌన్ ఉండొచ్చు, సరుకు అక్కడే అమ్మేసి ఉండొచ్చు.

పెద్దాయన అప్పటికే ఫోన్ తీసి, "సెయింట్ జాన్సే కదా అని అడిగేస్తాను" అన్నారు. ఆపాను. ఆ ప్రశ్నకు ఆయన చెవికి వినబడేది తన సెయింట్ జానే. అవును అంటాడు. మనం మన రేవుకి అవును అన్నాడనుకుంటాం. పేరు గొడవని పేరు అడిగి తేల్చలేం. రేవు పేరు ఎత్తకుండా అడగాలి, జవాబులో ఊరు దానంతటదే బయటపడాలి. అందుకని మెయిల్లో ఇలా రాయించాను: ఓడ నుంచి దిగాక కంటైనర్‌ని మీ గోడౌన్‌కి రైల్లో తీసుకెళ్తారా, లారీలోనా? ఏ టెర్మినల్ నుంచి? మీ తరఫున అక్కడ కస్టమ్స్ క్లియరెన్స్ చేసేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు?

జవాబు ఆ రాత్రే వచ్చింది: రైల్లో, ఎప్పటిలాగే. నాకు అది చాలు. న్యూఫౌండ్‌లాండ్‌లో రైళ్లు 1988లోనే ఆగిపోయాయి. ఆ ద్వీపం నుంచి రైల్లో వచ్చే కంటైనర్ ఉండదు. టెర్మినల్ పేరు, క్లియరెన్స్ ఏజెంటు ఊరు కూడా న్యూ బ్రన్స్‌విక్‌వే. అప్పుడు అసలు సంగతి రాసి, రెండు రేవుల పేర్లూ ప్రావిన్స్‌లతో సహా పెట్టి, ఏది కావాలో రాతపూర్వకంగా తీసుకున్నాం. ఆయన కంగారుపడ్డాడు, కాస్త కోప్పడ్డాడు కూడా. ఎల్‌సీ దరఖాస్తు మీద ఆయన సంతకం కూడా ఉందన్నది మేము గుర్తుచేయలేదు. అప్పుడు ఆయన సాయం మాకు కావాలి.

కుదరని దారులు

మొదటి ఆలోచన పెద్దాయనది. ఎల్‌సీలో సెయింట్ జాన్స్ అని ఉంది, బీఎల్‌లోనూ అదే ఉంది, కాగితాలు బ్యాంకులో ఇచ్చేస్తే డబ్బొచ్చేస్తుంది, తర్వాత ఆయన పాట్లు ఆయన పడతాడు. వినడానికి మొరటుగా ఉన్నా ఇది తెలివితక్కువ మాట కాదు. ఎల్‌సీలకు వర్తించే యూసీపీ 600 నిబంధనల్లో 5వ అధికరణం ప్రకారం బ్యాంకులు కాగితాలనే చూస్తాయి, సరుకుని కాదు. ఆ లెక్కన డబ్బు వచ్చేదే. కానీ అదే నిబంధనల్లో 4వ అధికరణం ఎల్‌సీ వేరు, అమ్మకం ఒప్పందం వేరు అంటుంది. బ్యాంకు డబ్బు కట్టినంత మాత్రాన ఒప్పందం తీరిపోదు. పర్చేజ్ ఆర్డర్‌లో న్యూ బ్రన్స్‌విక్ అని రాసి ఉంది, ఆ రేవు దాకా చేర్చే ఖర్చు మనమే ఒప్పుకున్నాం. ద్వీపం నుంచి టొరంటో తరలించే ఖర్చంతా ఆయన మన మీద వేయొచ్చు. పైగా మొదటి ఆర్డర్. పలాస మీద ఆధారపడకుండా బతకాలని మొదలుపెట్టిన వ్యాపారం మొదటి కంటైనర్‌తోనే ఆగిపోతుంది. చివరి మాట బావమరిదికి బాగా తగిలింది.

రెండో ఆలోచన ఫార్వార్డర్‌ది. బీఎల్‌లో రేవు పేరు ఎల్‌సీకి సరిపోయేలా సెయింట్ జాన్స్ అనే ఉంచి, సరుకు మాత్రం న్యూ బ్రన్స్‌విక్‌లో దింపమని లైనుకి హామీపత్రం ఇద్దామన్నాడు. దీనికి నేను ఒప్పుకోలేదు. తెలిసి తెలిసి అబద్ధపు రేవుతో బీఎల్ తీసుకుని బ్యాంకులో పెడితే అది పొరపాటు కిందికి రాదు, మోసం కిందికి వస్తుంది. నీతి సంగతి పక్కన పెట్టినా పని జరగదు. కెనడా కస్టమ్స్ నియమం ప్రకారం కంటైనర్ సరుకు వివరాలు, కెనడాకి వచ్చే ఓడలో ఎక్కించడానికి 24 గంటల ముందే వాళ్లకు చేరాలి. అందులో ఒక రేవు, బీఎల్‌లో ఇంకో రేవు ఉంటే అక్కడ ఆపేస్తారు.

మూడోది అసలు సరైన దారే, చేసిన తీరు కుదరలేదు. కొలంబోలో పెద్ద ఓడ ఎక్కకముందే చివరి రేవు మార్చమని లైనుని అడగాలి. ఫార్వార్డర్ వెంటనే మెయిల్ పెట్టాడు: సెయింట్ జాన్స్ కెనడా బదులు సెయింట్ జాన్ కెనడా అని మార్చగలరు. లైను వాళ్ల జవాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్పెల్లింగ్ మార్పు నమోదు చేశామట, రూటింగ్‌లో మార్పు అవసరం లేదట! వాళ్ల తప్పేం లేదు. రోజంతా స్పెల్లింగ్ సవరణలు చూసే డెస్క్ మనిషికి అది ఇంకో స్పెల్లింగ్ సవరణలాగే కనిపించింది.

పనిచేసింది

రెండో మెయిల్ నేనే రాశాను. అందులో ఊరి పేరుకి పెద్దగా పనే లేదు. రేవులకి ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఐదక్షరాల కోడ్ ఉంటుంది, మొదటి రెండూ దేశం, మిగతా మూడూ ఊరు. బుకింగ్‌లో ఉన్నది సీఏఎస్‌జేఎఫ్, అది న్యూఫౌండ్‌లాండ్. కావలసింది సీఏఎస్‌జేబీ, అది న్యూ బ్రన్స్‌విక్. రెండు కోడ్‌లూ, రెండు ప్రావిన్స్‌లూ, కొనుగోలుదారు చెప్పిన టెర్మినల్ పేరూ రాసి, ఇది డెస్టినేషన్ మార్పు, స్పెల్లింగ్ సవరణ కాదు అని సబ్జెక్టులోనే పెట్టాను. అసలు బీఎల్‌లు ఇంకా విడుదల కాలేదని, కాబట్టి వెనక్కి ఇవ్వవలసినవి ఏమీ లేవని కూడా రాశాను.

ఆ ఆఖరి వాక్యం బరువు ఎక్కువ. అసలు బీఎల్‌లు బయటికి వెళ్లిపోయాక రేవు మార్చాలంటే మొత్తం సెట్టు లైనుకి తిరిగి ఇవ్వాలి. అవి అప్పటికే బ్యాంకు ద్వారా టొరంటో దారిలో ఉంటే, అవి వెనక్కి వచ్చేలోపు ఓడ హాలిఫాక్స్ చేరిపోతుంది. పెద్దాయన మొండిగా కిరాయి కట్టకుండా కూర్చోబట్టి ఆ ఇబ్బంది రాలేదు. ఆయన ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదనలేను, అయినా ఇంకెవరికీ ఈ పద్ధతి సిఫారసు చేయను.

లైను ఒప్పుకుంది. మార్పు రుసుము అడిగింది. కంటైనర్ ఎక్కాల్సిన ఓడ వదిలేసి, మరో సర్వీసు వచ్చేదాకా కొలంబో యార్డులో ఉంది. దాని నిల్వ ఖర్చు వేరు.

ఇక ఎల్‌సీ. సరుకు దారి మారింది కాబట్టి ఇప్పుడు బీఎల్‌లో న్యూ బ్రన్స్‌విక్ వస్తుంది, ఎల్‌సీలో సెయింట్ జాన్స్ ఉంది. బ్యాంకు అధికారి అనుభవం ఉన్న మనిషి. ఆయన వాదన ఇది: కాగితాల పరిశీలనకు బ్యాంకులు వాడే ఐఎస్‌బీపీ పద్ధతుల ప్రకారం అర్థం మారని అచ్చుతప్పుని తప్పుగా ఎంచకూడదు. చివర ఎస్ ఉండటం అచ్చుతప్పే కదా, సవరణ రుసుము దండగ.

నేను దాన్ని ఒప్పుకోలేకపోయాను. ఆ వెసులుబాటు ఎప్పుడు వర్తిస్తుందంటే, తప్పుగా రాసిన మాటకి వేరే అర్థం లేనప్పుడు. మెషిన్ అనే మాట ఇంగ్లిష్‌లో ఒక అక్షరం తప్పుగా రాస్తే చదివేవాడికి మెషినే అర్థమవుతుంది. మోడల్ 321 బదులు 123 అని రాస్తే అది వేరే మోడల్. అందుకే ఆ పద్ధతుల్లోనే దాన్ని వ్యత్యాసంగా చూపించారు. మనది రెండో రకం. మన అచ్చుతప్పు నిజంగా ఒక ఊరు. టొరంటోలో కాగితాలు పరిశీలించే మనిషి కెనడావాడు, ఆ రెండు ఊళ్లకీ తేడా అతనికి మనకంటే బాగా తెలుసు. ఆ పద్ధతుల్లోనే ఇంకొకటి కూడా ఉంది: ఎల్‌సీలో రేవుతో పాటు దేశం రాసి ఉన్నా, బీఎల్‌లో దేశం పేరు రాయకపోయినా ఫర్వాలేదు. అంటే ఈ రకం గందరగోళంలో కాగితాల నియమాలు మనల్ని కాపాడవు.

సవరణ అడగాలని తేలాక, ఒక్క రేవు పేరే అడిగితే చాలదనిపించింది. ఎల్‌సీలో వేరుగా ఏమీ రాయకపోతే, యూసీపీ 14వ అధికరణం ప్రకారం సరుకు ఓడ ఎక్కిన 21 రోజుల్లోగా కాగితాలు బ్యాంకులో పెట్టాలి. మన బీఎల్ మీద ఓడ ఎక్కిన తారీఖు విశాఖలో ఫీడర్ ఎక్కిన తారీఖే. బీఎల్ చేతికి ఆలస్యంగా వచ్చినా ఆ తారీఖు మారదు, మార్చమని అడగనూ కూడదు. కొలంబోలో కంటైనర్ కూర్చున్నంతసేపూ ఇక్కడ గడువు కరిగిపోతూనే ఉంది. అందుకని ఒకే సవరణలో మూడు అడిగించాం: రేవు పేరు ప్రావిన్స్‌తో సహా, కాగితాల గడువు పెంపు, దానికి తగ్గట్టు ఎల్‌సీ చెల్లుబాటు తేదీ పెంపు. విడివిడిగా అడిగితే రెండుసార్లు రుసుము, రెండుసార్లు ఎదురుచూపు. సవరణలో కొంత ఒప్పుకుని కొంత వద్దనడానికి 10వ అధికరణం వీలివ్వదు కాబట్టి, మూడూ మనకు కావలసినట్టే ఉన్నాయని ముసాయిదా ముందే చూసుకున్నాం. కొనుగోలుదారు త్వరగానే చేయించాడు. ఆయనకూ సరుకు కావాలి.

షిప్పింగ్ బిల్లు దగ్గర చిన్న తర్జనభర్జన. కస్టమ్స్ బ్రోకర్ "దేశం మారలేదు కదా, వదిలేయండి" అన్నాడు. రేపు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసేవాడికి షిప్పింగ్ బిల్లులో ఒక రేవు, బీఎల్‌లో ఇంకోటి కనబడకూడదనిపించింది. కస్టమ్స్ చట్టం 1962లో 149వ సెక్షన్ సవరణకు వీలిస్తుంది. కాకపోతే సరుకు వెళ్లిపోయాక సవరించాలంటే, సరుకు వెళ్లేనాటికే ఉన్న కాగితం ఆధారంగా చూపించాలి. తర్వాత రాయించుకున్న మెయిళ్లు అక్కడ పనికిరావు. మన దగ్గర పర్చేజ్ ఆర్డర్ ఉంది, ఎన్‌బీ అన్న రెండక్షరాలతో, పాత తారీఖుతో. దాంతో పని అయిపోయింది.

డబ్బు లెక్క

సరుకు న్యూ బ్రన్స్‌విక్ చేరింది, ఎల్‌సీ డబ్బు వచ్చింది. కిరాయి మొదటి కోటేషన్ రేటుకి దిగింది. రేవు మార్పు రుసుము, కొలంబో నిల్వ, రెండు వైపులా బ్యాంకు ఛార్జీలు కలిపితే మాత్రం మొదట గొడవపడ్డ తేడా కంటే ఎక్కువే అయింది. వీటిలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీయే భరించింది, ప్రొఫార్మా వాళ్లదే కాబట్టి. ఫార్వార్డర్ తన సర్వీసు ఛార్జీ వదులుకున్నాడు. ఒకే ఫైలులో రెండు పేర్లున్నా అడగకపోవడం తన పొరపాటని ఒప్పుకున్నాడు, కొంత బేరం తర్వాత.

తర్వాత మార్చినవి

ఇలాంటి పేర్లు రెండు రకాలని ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకి చెబుతున్నాను. దేశం పేరు రాస్తే తీరిపోయేవి ఒక రకం. ట్రిపోలీ లిబియాలో ఉంది, లెబనాన్‌లోనూ ఉంది, రెండూ మధ్యధరా ఒడ్డునే. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవు పేలిపోయాక లెబనాన్ ట్రిపోలీకి సరుకు మళ్లింది, అప్పటినుంచి ఆ పేరు ఎక్కువగా వినబడుతోంది. కార్టహేనా స్పెయిన్‌లో ఒకటి, కొలంబియాలో ఒకటి. జార్జ్‌టౌన్ గయానా రాజధాని, కేమన్ దీవుల రాజధాని పేరూ అదే, మలేషియాలో పినాంగ్ ఊరూ జార్జ్‌టౌనే. వీటిలో దేశం రాస్తే చాలావరకు గట్టెక్కుతాం.

దేశం రాసినా తీరనివి రెండో రకం, భయపడాల్సింది వీటికే. అమెరికాలో పోర్ట్‌లాండ్ ఒకటి పసిఫిక్ వైపు ఆరెగాన్‌లో, ఇంకొకటి అట్లాంటిక్ వైపు మెయిన్‌లో. మధ్యలో ఖండమంతా ఉంది. ఇక్కడ రాష్ట్రం పేరు, కోడ్ రెండూ లేకుండా కాగితం కదలకూడదు. కోడ్ ఒక్కటే ఉన్నా నమ్మను. కంప్యూటర్‌లో జాబితా నుంచి ఎంచుకునేటప్పుడు వేలు పక్క వరస మీద పడితే కోడ్ కూడా నిక్షేపంగా తప్పవుతుంది. పేరూ కోడూ వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల నుంచి రాస్తేనే ఒకటి రెండోదాన్ని పట్టిస్తుంది.

ఈ ఫ్యాక్టరీ ప్రొఫార్మాలో ఇప్పుడు రేవు గడి కింద ఇంకో గడి ఉంది: దిగిన సరుకు ఏ దారిన ఎక్కడికి. కొనుగోలుదారే నింపాలి. పర్చేజ్ ఆర్డర్ ప్రింటు తీసి ప్రొఫార్మాకి పిన్ను కొట్టాకే ఫార్వార్డర్‌కి పంపుతున్నారు, రేటు అడిగినా బుకింగ్ అడిగినా అదే జత. కొందరు కొనుగోలుదారులు ఆ గడి చూసి విసుక్కుంటారు, మా లారీల గొడవ మీకెందుకని. మొన్నామధ్య పోర్ట్‌లాండ్ అని మాత్రమే రాసిన ఒక ఎంక్వైరీ వచ్చింది. గడి ఖాళీగా వదిలేశారు. పెద్దాయన రేటు పోతుందని తొందరపెట్టినా బావమరిది జవాబు వచ్చేదాకా బుకింగ్ పెట్టనివ్వలేదు. వచ్చిన జవాబు మెయిన్.